ఫోన్‌తో పాటు వచ్చిన యాప్‌లకి పర్మిషన్లు తీసేస్తే నిజంగా ఆగుతాయా?

తెనాలి_తమ్ముడు
సంక్రాంతికి అమ్మకి కొత్త ఫోన్ కొన్నాను, పన్నెండు వేలది. కంపెనీ పేరు చెప్పను, చెప్తే ఇక్కడ బ్రాండ్ల గొడవ మొదలవుతుంది. నిన్న ఖాళీగా ఉండి పర్మిషన్లు ఒకసారి చూద్దామని కూర్చున్నా. అమ్మ తనంతట తాను వేసుకున్నది వాట్సాప్ ఒక్కటే. లిస్టులో మాత్రం యాభై పైన ఉన్నాయి. వాళ్ళ బ్రౌజర్, వాళ్ళ యాప్ స్టోర్, థీమ్స్, మూడు ఆటలు, ఒక షాపింగ్ యాప్, లాక్ స్క్రీన్ మీద గంటకో బొమ్మ మార్చే ఇంకో యాప్.

కొన్నింటికి అన్‌ఇన్‌స్టాల్ ఉంది, తీసేశా. కొన్నింటికి డిసేబుల్ మాత్రమే. కొన్నింటికి ఆ బటన్ బూడిద రంగులో ఉంది, నొక్కితే ఉలకదు పలకదు. ఒకదానికి లొకేషన్ ఆపబోతే, ఈ పర్మిషన్ ఇవ్వకపోతే మీ ఫోన్‌లో మామూలు పనులు కూడా సరిగా జరగకపోవచ్చు అని బెదిరింపు.

అన్నింటికంటే చిరాకు తెప్పించింది యాడ్లు చూపించే సిస్టమ్ యాప్. దానికిచ్చిన అనుమతి వెనక్కి తీసుకోబోతే బటన్ మీద 10, 9, 8 అని అంకెలు తగ్గుతూ వచ్చాయి. పది సెకన్లు ఆగి నొక్కా. ‘రద్దు చేయడం కుదరలేదు’ అంది. మళ్ళీ పది సెకన్లు. నాలుగోసారికి దయ చూపింది.

ఇంతకీ నా ప్రశ్న: ఇవన్నీ ఆపేశాక డేటా వెళ్ళడం ఆగినట్టేనా, లేక మన తృప్తి కోసం పెట్టిన బటన్లా ఇవి?

పప్పుచారు_ప్రసాద్
తృప్తి కోసమే. థ్రెడ్ మూసేయొచ్చు.

కోడిపుంజు007
పది సెకన్లు ఎందుకంటే, ఆలోచించుకో నాయనా, తొందరపడకు అని. విడాకులకి కోర్టు వాళ్ళు ఆర్నెల్లు ఇస్తారు, వీళ్ళు పది సెకన్లే ఇచ్చారు, సంతోషించు.

నల్లకుంట_నైట్‌షిఫ్ట్
ప్రసాద్ అన్నంత కాదు గానీ సగం నిజం. కాస్త వివరంగా రాస్తా, ఓపిక లేనివాళ్ళు దాటేయండి.

యాప్ వాడుతున్నప్పుడు పర్మిషన్ అడిగే పద్ధతి ఆండ్రాయిడ్ 6తో, అంటే 2015లో వచ్చింది. అంతకుముందు యాప్ వేసుకునేటప్పుడే అన్నీ గంపగుత్తగా ఒప్పుకోవాలి. ఈ పద్ధతి ముఖ్యంగా బయటి నుంచి వచ్చే యాప్‌ల కోసం కట్టింది. ఫోన్‌తో వచ్చినవాటిలో చాలావరకు సిస్టమ్ భాగంలో కూర్చుంటాయి. ఆ భాగంలో ఏదీ చెరపడానికి మనకి అధికారం లేదు, అందుకే అవి డిలీట్ కావు. పైగా కొన్నింటి మీద కంపెనీ డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం ఉన్నవాటికో, కంపెనీ ప్రత్యేకంగా అనుమతించిన సిస్టమ్ యాప్‌లకో మాత్రమే దొరికే పర్మిషన్లు వేరే ఉన్నాయి. మనల్ని అడక్కుండా ఇంకో యాప్ వెయ్యడం, ఐఎంఈఐ, అంటే ఒక్కో ఫోన్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు, చదవడం లాంటివి. తమ్ముడికి సెట్టింగ్స్‌లో కనిపించిన కెమెరా, మైక్, లొకేషన్ లిస్టులో ఇవి ఉండనే ఉండవు. లేని స్విచ్ ఎక్కడని నొక్కుతాం?

ఇంటర్నెట్ సంగతి ఇంకా చిత్రం. మామూలు ఆండ్రాయిడ్‌లో నెట్ వాడుకోవడానికి యాప్ మనల్ని అడగక్కర్లేదు. కాంటాక్ట్స్ ఆపావు, లొకేషన్ ఆపావు, బాగానే ఉంది. ఆ యాప్‌ని ఎప్పుడు తెరిచావు, ఎంతసేపు ఉన్నావు, ఏ బటన్ నొక్కావు అన్నది దాని సొంత లెక్క. అది పంపుకోవడానికి పాపప్ ఏదీ రాదు.

2019లో మాడ్రిడ్‌లోని ఐఎండీఈఏ నెట్‌వర్క్స్ వాళ్ళు ఇంకొందరు పరిశోధకులతో కలిసి 130 దేశాల్లో జనం వాడుతున్న 1,742 ఫోన్ల నుంచి ఇలాంటి యాప్‌లు 82,000 పైగా పోగేసి చూశారు. 214 కంపెనీల ఫోన్లు. అందులో ఫోన్ తయారుచేసినవాడివే కాకుండా యాడ్ల కంపెనీలవి, ట్రాకింగ్ కంపెనీలవి కూడా కలిసిపోయి ఉన్నాయి. ఒక్కోసారి ఆ యాప్ అసలు ఎవరిదో తేల్చుకోవడమే వాళ్ళకి కష్టమైంది.

విశాఖ_వాణి
డిసేబుల్ చేస్తే ఆగుతుందా లేదా, అది చెప్పండి ముందు.

నల్లకుంట_నైట్‌షిఫ్ట్
ఆగుతుంది వాణి గారూ. డిసేబుల్ అయిన యాప్ నడవదు. తిప్పలన్నీ డిసేబుల్ కానివాటితోనే. వాటికి పర్మిషన్లు తీసేయడం అంటే మేతకెళ్ళే ఆవుకి ఒక దారి మూయడమే, దొడ్డి తలుపు తెరిచే ఉంటుంది.

సెల్‌పాయింట్_సత్తి
నేను ఖమ్మం జిల్లాలో మొబైల్ షాపు నడుపుతా. ఒక మాట చెప్తా, తిట్టుకోవద్దు.

కస్టమర్ ముందు బాక్స్ విప్పి, సిమ్ వేసి, గ్లాస్ అతికించి ఆన్ చేసేది మేమే. మొదట్లో వచ్చే షరతులన్నీ అగ్రీ, అగ్రీ, నెక్స్ట్, అగ్రీ అని నొక్కేదీ మేమే. ఒక ఫోన్‌కి రెండు నిమిషాలు. పండగ సీజన్లో వెనక పదిమంది నిలబడి ఉంటారు. పదమూడేళ్ళలో ఒక్క కస్టమర్ కూడా ‘ఆగు, చదువుతా’ అనలేదు. నేనూ చదవలేదు, అబద్ధం ఎందుకు.

ఇంకా చెప్పాలంటే, పెద్దవాళ్ళకి జీమెయిల్ ఉండదు కదా, అదీ మేమే చేసిస్తాం. రికవరీ నంబరు దగ్గర చాలామంది షాపువాళ్ళు సొంత నంబరు ఇచ్చేస్తారు. ఆ పాస్‌వర్డ్ కస్టమర్‌కి తెలియదు, మూడు నెలలు పోతే మాకూ గుర్తుండదు.

తెనాలి_తమ్ముడు
అయ్య బాబోయ్. అమ్మ ఫోన్ కూడా షాపులోనే సెటప్ చేశారు. ఇప్పుడే చూస్తా.

విశాఖ_వాణి
సత్తి గారు మంచి పాయింట్ చెప్పారు. మనం పర్మిషన్ ఇచ్చామా లేదా అని ఇక్కడ చర్చ. ఇచ్చింది కౌంటర్ వెనక కుర్రాడు.

కోడిపుంజు007
మా మావయ్య ఫోన్‌లో పేరు ‘శ్రీ వెంకటేశ్వర మొబైల్స్ 14’ అని వస్తుంది. ఇన్నాళ్ళూ అది భక్తి అనుకున్నా.

తెనాలి_తమ్ముడు
చూశా. రికవరీ నంబరు చివర 41. మా ఇంట్లో ఎవరికీ ఆ నంబరు లేదు 🙂 మార్చేశా. సత్తి అన్నా, నీకు దండం.

కేపీహెచ్‌బీ_కిరణ్
ఇంత తలనొప్పి ఎందుకు, ఐఫోన్ కొనండి. వాడికి యాడ్ల మీద బతకాల్సిన ఖర్మ లేదు.

పప్పుచారు_ప్రసాద్
వాళ్ళమ్మకి పన్నెండు వేల ఫోన్ కొన్నాడు బ్రో. చదివావా అసలు?

డబ్లిన్_చలి
కిరణ్, నేను ఐదేళ్ళుగా ఐఫోనే వాడుతున్నా. నమ్మకం మంచిదే గానీ రెండు విషయాలు విను.

ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీ వాళ్ళు 2024లో ఒక పరిశోధన బయటపెట్టారు. యాపిల్ ఫోన్‌తో పాటే వచ్చేవి, సఫారీ, సిరి, ఫేస్‌టైమ్, ఫైండ్ మై లాంటివి ఎనిమిది తీసుకుని, వాటి ప్రైవసీ సెట్టింగ్స్ మామూలు జనం మార్చుకోగలరా అని చూశారు. మార్చుకోలేకపోయారు. సిరినే చూడు. వద్దు అన్నామనుకో, మనం అనుకునేది సిరి మొత్తం ఆగిపోయిందని. ఆగేది గొంతుతో పిలిచే సంగతి. మిగతా యాప్‌లు నువ్వెలా వాడుతున్నావో అది చూస్తూనే ఉంటుంది. అదీ వద్దంటే ఒక్కో యాప్ లోపలికి వెళ్ళి ‘లెర్న్ ఫ్రమ్ దిస్ యాప్’ అన్నది ఆపాలి. నా ఫోన్‌లో తొంభై యాప్‌లున్నాయి. పదిహేను దాకా చేసి పడుకున్నా.

రెండోది, ఫ్రాన్స్‌లో డేటా రక్షణ సంస్థ సీఎన్‌ఐఎల్ యాపిల్‌కి 80 లక్షల యూరోలు జరిమానా వేసింది. ఐఓఎస్ 14.6లో, అంటే ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌లో, యాప్ స్టోర్ యాడ్ల కోసం జనాన్ని గుర్తుపట్టే ఐడీలు అడక్కుండా వాడుకున్నందుకు. పక్కవాళ్ళ యాప్‌లు ట్రాక్ చేయాలంటే పర్మిషన్ అడగాల్సిందే అని 2021లో రూలు పెట్టిన కంపెనీయే అది.

కేపీహెచ్‌బీ_కిరణ్
సరే, అయినా ఆండ్రాయిడ్ కంటే నయమే కదా.

డబ్లిన్_చలి
అదీ చెప్తా. మా ఊళ్ళోనే ట్రినిటీ కాలేజీలో డగ్లస్ లీత్ అనే ప్రొఫెసర్ ఉన్నాడు. 2021లో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ముట్టుకోకుండా టేబుల్ మీద వదిలేసినా సగటున నాలుగున్నర నిమిషాలకోసారి తమ కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతున్నాయి. ఎక్కువ డేటా పంపింది ఆండ్రాయిడే, అది నీకు అనుకూలమే. లెక్కలు వేసిన తీరు సరికాదని గూగుల్ అంది.

అదే ఏడాది ఎడిన్‌బరో వాళ్ళతో కలిసి శామ్‌సంగ్, షావోమీ, రియల్‌మీ, హువావే ఫోన్లు చూశాడు. డేటా పంపమంటావా అని ఫోన్ అడిగిన ప్రతిచోటా వద్దనే చెప్పారు. అయినా ఫోన్ కంపెనీకి, గూగుల్‌కి, ఫోన్‌లో ముందే వేసి ఉన్న ఇతర కంపెనీల యాప్‌ల వాళ్ళకి డేటా వెళ్ళింది. తమ్ముడి ప్రశ్నకి సూటి జవాబు ఇదే అనుకుంటా.

మర్రిచెట్టు_మాస్టారు
సర్వర్‌తో మాట్లాడటం అంటే అప్‌డేట్లు ఉన్నాయా అని అడగడం కూడా కావచ్చు గదా బాబూ. ప్రతిదీ గూఢచర్యం అంటే ఎట్లా? మా వీధిలో పోస్ట్‌మాన్ రోజూ వస్తాడు, దొంగతనానికా?

డబ్లిన్_చలి
నిజమే మాస్టారూ, అందులో కొంత అప్‌డేట్ల కోసమే. కానీ 2022లో ఆయనే గూగుల్ ఫోన్ యాప్, మెసేజెస్ యాప్ విప్పి చూశాడు. మీరు ఎవరికి ఎప్పుడు కాల్ చేశారు, ఎంతసేపు మాట్లాడారు, వచ్చిన మెసేజ్‌కి వేలిముద్ర లాంటి ఒక కోడ్, ఇవి గూగుల్‌కి వెళ్తున్నాయని తేలింది. వద్దనే స్విచ్ ఎక్కడా లేదు. తర్వాత కొన్ని మార్పులు చేస్తామని గూగుల్ ఒప్పుకుంది. మీ పోస్ట్‌మాన్ ఉత్తరాలు ఇస్తే బానే ఉంది. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకుంటే?

మర్రిచెట్టు_మాస్టారు
మా పోస్ట్‌మాన్‌కి రాసుకోనక్కర్లేదు, అన్నీ నోటికే వచ్చు. ఊళ్ళో పెళ్ళిచూపుల సంగతి ముందు ఆయనకే తెలుస్తుంది.

కోడిపుంజు007
మాస్టారు గెలిచారు 😂

వరంగల్_వేణు
చైనా ఫోన్ల మీదనే పడతరు గానీ ఇసొంటిది అమెరికాలో అమ్మిన ఫోన్ల దగ్గర కూడా దొరికింది. 2016లో బ్లూ అనే కంపెనీ ఫోన్లు. లోపల ఆడప్స్ అని అప్‌డేట్ల సాఫ్ట్‌వేర్. మెసేజ్‌లు, కాల్ లిస్టు, కాంటాక్ట్స్ మూడు రోజులకోసారి షాంఘై సర్వర్‌కి పోయేవి. కొన్నవాళ్ళకి ఆ పేరే తెల్వదు. పర్మిషన్ల లిస్టు తెరిచి చూసినా ఏం దొరకదు.

పప్పుచారు_ప్రసాద్
అమెరికా కంపెనీ పేరు మీద చైనా సాఫ్ట్‌వేర్. మళ్ళీ చైనాకే వచ్చాం 🙂

విశాఖ_వాణి
మన దగ్గర 2023లో రియల్‌మీ గొడవ గుర్తుందా? మన డేటా తీసుకునే ఆప్షన్ ఒకటి ‘ఎన్‌హాన్స్‌డ్ ఇంటెలిజెంట్ సర్వీసెస్’ అని సెట్టింగ్స్‌లో ఎక్కడో లోపల, ముందే ఆన్ చేసి పెట్టారు. ట్విట్టర్లో రచ్చ అయ్యింది. అప్పటి మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ పరిశీలిస్తామన్నారు. డేటా ఫోన్‌లోనే ఉంటుంది, బయటికి పోదు అని కంపెనీ చెప్పింది. నా బాధ వేరే. ఆ పేరు చూసి ఎవరైనా ఆపుతారా? ఇంటెలిజెంట్ వద్దని ఎవరంటారు?

కోడిపుంజు007
మా ఇంట్లో ఇంటెలిజెన్స్ పుట్టుకతోనే డిసేబుల్.

మర్రిచెట్టు_మాస్టారు
సరదాలు ఆపి ఒక మాట వినండి. 2025 డిసెంబరులో ప్రభుత్వ యాప్ సంచార్ సాథీ మీద కూడా ఇట్లాగే గోల చేశారు. ఆ పథకంతోనే నా ఫోన్ దొరికింది. బస్టాండులో పోయింది, పోలీసులకి ఫిర్యాదు ఇచ్చి, ఐఎంఈఐ నంబరు సీఈఐఆర్‌లో, అంటే పోయిన ఫోన్లు బ్లాక్ చేసే ప్రభుత్వ పోర్టల్లో, పెట్టి బ్లాక్ చేయించా. రెండు నెలలకి స్టేషన్ నుంచి కాల్ వచ్చింది. అలాంటిది ప్రతి ఫోన్‌లో ముందే ఉంటే తప్పేమిటి?

నల్లకుంట_నైట్‌షిఫ్ట్
మాస్టారూ, ఆ పని మంచిదే, కాదనను. మీరు దాన్ని పోర్టల్లో చేశారు గమనించండి, ఫోన్ పోయాక ఆ ఫోన్‌లో యాప్ ఉండి లాభం ఏంటి. 2025 నవంబరు 28న టెలికాం శాఖ ఇచ్చిన ఆదేశంలో, 90 రోజుల్లో ప్రతి కొత్త ఫోన్‌లో ముందే వేసి ఉండాలి, దాని పనితీరు ఆపేయడానికి వీల్లేకుండా ఉండాలి అని ఉంది. గొడవంతా ఆ రెండో ముక్క మీద. మరుసటి వారం మంత్రి సింధియా అక్కర్లేనివాళ్ళు తీసేసుకోవచ్చన్నారు, డిసెంబరు 3న ఆదేశమే వెనక్కి తీసుకున్నారు.

మర్రిచెట్టు_మాస్టారు
ప్రభుత్వ యాప్ వద్దన్నారు, కంపెనీవాడి యాభై యాప్‌లు మాత్రం నోరు మూసుకుని మోస్తున్నారు. దానికి ఏమంటావు?

నల్లకుంట_నైట్‌షిఫ్ట్
దానికి నా దగ్గర జవాబు లేదు మాస్టారూ 🙏

వరంగల్_వేణు
మాస్టారు అడిగినదానికి కోర్టులల్ల కొంచెం నడిచింది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసింది. ముందే వేసిన గూగుల్ యాప్‌లు జనం తీసేసుకునేటట్టు ఉండాలని కూడా చెప్పింది. 2023 మార్చిలో అప్పీల్ ట్రిబ్యునల్ జరిమానా ఉంచింది, యాప్‌లు తీసేసుకునే ముక్క కొట్టేసింది. పైసలు సర్కారుకి, యాప్‌లు మనకి.

డబ్లిన్_చలి
ఇక్కడ యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ చట్టం వల్ల ఇప్పుడు ఐఫోన్‌లో సఫారీ, చివరికి యాప్ స్టోర్ కూడా డిలీట్ చేయొచ్చు. అదీ ప్రైవసీ కోసం కాదు, పోటీ కోసం పెట్టిన చట్టం. మనకి దక్కింది కొసరు.

విశాఖ_వాణి
మన డేటా చట్టం 2023 సంగతి? అందులో ఒక మంచి ముక్క ఉంది. అనుమతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలి అని. తమ్ముడి పది సెకన్లు, నాలుగు ప్రయత్నాలు దాని ముందు నిలబడతాయా? సత్తి గారి షాపులో ఒక్క నొక్కుడు అది.

నల్లకుంట_నైట్‌షిఫ్ట్
నిలబడవు, కానీ ఆ రూల్స్ 2025 నవంబరులోనే వచ్చాయి. ముఖ్యమైనవి అమలయ్యేది పద్దెనిమిది నెలల తర్వాత. 2027 మే దాకా అంకెలు లెక్కపెట్టుకుంటూ ఉండాలి.

తెనాలి_తమ్ముడు
చట్టాలు సరే, ఇవాళ నేనేం చెయ్యాలి? కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి తీసేసే పద్ధతి ఏదో ఉందట కదా.

నల్లకుంట_నైట్‌షిఫ్ట్
ఉంది, ఏడీబీ అంటారు. డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్ నుంచి కమాండ్ ఇస్తే బూడిద బటన్ యాప్‌లు కూడా చాలావరకు పోతాయి. పోతాయి అంటే, అమ్మ వాడే ఖాతాకి పోతాయి. ఫోన్ లోపల ఫైలు అలాగే ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే మొత్తం బంధువర్గం దిగుతుంది. ఏది ఏమిటో తెలియకుండా తీయొద్దు.

పప్పుచారు_ప్రసాద్
ఇది అనుభవంతో చెప్తున్నా. యూట్యూబ్ వీడియో చూసి ముప్పై యాప్‌లు లేపేశా. ఫోన్ ఆన్ అవుతుంది, లోగో వస్తుంది, ఆగిపోతుంది, మళ్ళీ లోగో. రాత్రి రెండింటి దాకా లోగో చూశా. ప్రైవసీ మాత్రం నూటికి నూరు శాతం.

విశాఖ_వాణి
ఇంకో జాగ్రత్త. పని అయ్యాక డెవలపర్ ఆప్షన్స్ ఆపేయండి. నేను మర్చిపోయా. మర్నాడు రైతుబజార్‌లో కూరలు తూకం వేయించుకుని చూస్తే బ్యాంక్ యాప్ తెరుచుకోనంటోంది, ఫోన్ సురక్షితంగా లేదట. కూరలామె సంచీ పట్టుకుని నా మొహం చూస్తోంది. నా డేటా బయటికి పంపే యాప్‌లు ఉన్నన్నాళ్ళూ సురక్షితం, అవి తీయబోతే ప్రమాదం!

సెల్‌పాయింట్_సత్తి
కంపెనీ వైపు నుంచి కూడా చూడండి. చవక ఫోన్ల మీద మిగిలేది తక్కువ. ఈ యాప్‌లు ముందే వేసినందుకు, యాడ్లు చూపించినందుకు డబ్బులొస్తాయి. అవన్నీ తీసేసి అదే ఫోన్ వెయ్యి రూపాయలు ఎక్కువకి అమ్మితే ఎవరు కొంటారు? నా కౌంటర్ దగ్గర రెండొందల కోసం అరగంట బేరమాడతారు.

వరంగల్_వేణు
నేను కొంట.

సెల్‌పాయింట్_సత్తి
మీరొక్కరే వేణు గారూ. స్టాక్ ఒకటి తెప్పించి పెడతా.

నల్లకుంట_నైట్‌షిఫ్ట్
తమ్ముడూ, అమ్మ ఫోన్‌కి కేబుల్ దాకా పోకు. డిసేబుల్ అయ్యేవి చెయ్యి. కంపెనీ ఖాతాలో లాగిన్ అయి ఉంటే బయటికి రా. సెట్టింగ్స్‌లో యాడ్ ఐడీ, అంటే యాడ్ల వాళ్ళు ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు, డిలీట్ చెయ్యి. గూగుల్ ఖాతాలో లొకేషన్ హిస్టరీ (ఇప్పుడు దాని పేరు ‘టైమ్‌లైన్’) ఒక్కటే ఆపి ఊరుకోకు, ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’ కూడా ఆపాలి. మొదటిది ఆపినా రెండోదాంట్లో లొకేషన్ దాస్తున్నారనే 2022లో అమెరికాలో 40 రాష్ట్రాలతో 39 కోట్ల డాలర్ల పైన కట్టి రాజీ పడింది గూగుల్. సెట్టింగ్స్‌లో ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’ అని ఉంటుంది, సైట్ల అడ్రస్‌లు ఏ సర్వర్‌ని అడగాలో చెప్పే చోటు, అందులో యాడ్లు ఆపే సర్వర్ పేరు ఒకటి పెట్టు, యాడ్లు, ట్రాకర్లు చాలా తగ్గుతాయి. ఇన్ని చేసినా ఫోన్ కంపెనీతో, గూగుల్‌తో మాట్లాడుతూనే ఉంటుంది. తగ్గించగలవు, అంతే.

పప్పుచారు_ప్రసాద్
నేను మొదటి రిప్లైలో ఒక్క ముక్కలో చెప్పా ఇదంతా.

తెనాలి_తమ్ముడు
రిపోర్ట్: నైట్‌షిఫ్ట్ అన్న చెప్పినవన్నీ చేశా, గంటన్నర పట్టింది. 19 డిసేబుల్ అయ్యాయి, 11 ససేమిరా అన్నాయి. లాక్ స్క్రీన్ బొమ్మల యాప్ కూడా ఆపేశా. ఫోన్ చార్జింగ్ కూడా ఎక్కువసేపు నిలుస్తోంది.

తెనాలి_తమ్ముడు
ఇప్పుడే అమ్మ ఫోన్ చేసింది. పొద్దున్నే ఫోన్ తీస్తే రోజుకో గుడి బొమ్మ వచ్చేదట, రెండు రోజుల నుంచి నల్లగా ఉందట. ‘ఏం పాడుచేశావురా’ అంటోంది. అది మన డేటా తీసుకుంటుందమ్మా అన్నా. ‘నా దగ్గర ఏముందని తీసుకుంటాడు, నువ్వు ముందు బొమ్మలు పెట్టు’ అంది.

కోడిపుంజు007
పది సెకన్లు ఆగి మళ్ళీ అడగమను.

మర్రిచెట్టు_మాస్టారు
పెట్టు నాయనా, అమ్మ మాట వినాలి.

సెల్‌పాయింట్_సత్తి
గ్యాలరీలో నాలుగు గుడి ఫోటోలు వేసి వాల్‌పేపర్ పెట్టు తమ్ముడూ, ఆ యాప్ అక్కర్లేదు. మా షాపులో చేస్తే యాభై తీసుకుంటా, నీకు ఫ్రీగా చెప్పా.

తెనాలి_తమ్ముడు
పెట్టా అన్నా. ‘నిన్నటి గుడే ఇవాళా వచ్చింది’ అంటోంది.